పెద్దమ్మ గొంతు తగ్గిన క్రిస్మస్

మా వీధి పెద్దమ్మ ప్రభువునందు నిద్రించిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నరసరావుపేట బస్టాండులో మిరపకాయ బజ్జీ తింటున్నాను. దుఃఖవార్త వినడానికి అది గౌరవప్రదమైన భంగిమ కాదని ఒప్పుకుంటున్నాను. మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడ్డాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. రాజుపాలెం దగ్గర మా ఊళ్లో గోడకవతల ఇల్లు ఆమెది. పగలంతా మిరపకోతకు వెళ్లి, సాయంత్రం చర్చి కూడికలో పైకి ప్రార్థన చేసేది. ఆ ప్రార్థనే మా ఊరి దినపత్రిక. మెకానిక్ భాయ్ మోకాలి నొప్పి, పాస్టరమ్మ బీపీ, ఎవరిదో చూడి గేదె, అన్నీ వరసగా దేవుడికి విన్నవించేది. పొలం గట్టు మీద తనను తిట్టిపోసిన ఆమెను కూడా ప్రార్థనలో వదిలేది కాదు. తిరిగి తిట్టక ప్రార్థనెందుకు పెద్దమ్మా అంటే, "దేవుడితో మాట్లాడే నోరేరా మనుషులతోనూ మాట్లాడేది. దానికొకటి, దీనికొకటి ఉంటాయేంది?" అనేది.

నేను ఇంజనీరింగ్ చదువుతుండగా ఆ పత్రికకు నేనూ ఎక్కాను. "ప్రభువా, మావాడికి మ్యాథ్స్ మూడోసారి కూడా పోయింది తండ్రీ" అని నిండు సంఘంలో కన్నీళ్లతో మొరపెట్టింది. అప్పటిదాకా ఆ సంగతి మా నాన్నకు తెలియదు.

ప్రతీకారం క్రిస్మస్ యూత్ ప్రోగ్రాములో తీర్చుకున్నాను. అమ్మ చీర నెత్తిన కప్పుకుని, ఆమె రాగం, మధ్యలో ముక్కు చీదడం, అన్నీ దించేశాను. "ప్రభువా, మా సెల్ టవరుకు సిగ్నలు దయచేయుము తండ్రీ!" జనం పడీపడీ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. స్టేజీ దిగుతుంటే "చానా బాగా చేశావురా, అచ్చం నేనే" అంది.

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేయమంటే, "గొంతు బాలేదయ్యా, ఇంకెవరన్నా చెయ్యండి" అంది. రెండేళ్లయినా ఆ గొంతు బాగుపడలేదు.

క్షమించమని అడగడానికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి గుమ్మంలోనే, "ఏంది పెద్దమ్మా, దేవుడి దగ్గర సెలవు పెట్టావా?" అని వాగాను. "ముందు కూర్చోరా, అన్నం తిన్నావా?" అంది. తక్కిన రెండుసార్లు కూడా అన్నం తిని, నాలుగు జోకులేసి వచ్చాను. నా నోటికి రానిది ఆ ఒక్క మాటే.

సమాధి చేసి వచ్చాక ఆమె కూతురు నాతో అంది: "ఇంట్లో కూడా తలుపేసుకుని, ఫ్యాను పెద్దగా పెట్టుకుని ప్రార్థన చేసేదిరా. చలికాలంలో ఫ్యానేందమ్మా అంటే, వింటే నవ్వుతారే అనేది. నేను నిన్ను తిట్టబోతే మాత్రం ఊరుకునేది కాదు. చిన్నపిల్లోడు, వాడి జోలికి పోబాకే అనేది."

కూతురు ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. అన్నా బాగుండేది.

నిన్న పెద్దమ్మ ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన నన్ను చేయమన్నారు. పెద్దమ్మ కోసం జీవితంలో ఒక్కసారీ ప్రార్థించని నేను లేచి నిలబడ్డాను. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ముందు చాప మీది పిల్లలు మాత్రం మూసుకోలేదు. ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకుంటూ, ఇంకాసేపట్లో నవ్వు రాబోతోందని నా నోటివైపే చూస్తున్నారు.