ఫ్లైఓవర్ ఎక్కనన్న బండి

దసరా వెళ్లిన మూడో రోజు, మా ఆవిడతో అమీర్‌పేట నుంచి వస్తున్నాను. పంజగుట్ట ఫ్లైఓవర్ సగం ఎక్కగానే నా పాత బండి నీరసించిపోయింది. వెనక సిటీ బస్సు హారన్ కొడుతూ మీదికొస్తోంది. “నేను దిగి నడవనా అండీ?” అంది ఆవిడ.

తర్వాత ఇద్దరు మెకానిక్‌లు ప్లగ్ మార్చారు, కార్బొరేటర్ కడిగారు. ఒక్కణ్ణే వెళ్తే బాగానే నడిచేది. ఇద్దరం ఎక్కితే ఎత్తు మీద మళ్లీ అదే తంతు.

చివరికి సనత్‌నగర్‌లో ఎల్లయ్య అనే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన పానా ముట్టుకోలేదు. “నేను ఎన్క కూసుంట, జర ఎత్తు మీదికి నడుపు సార్” అన్నాడు. అద్దంలో చూస్తే, కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటున్నాడు. బండి గుంజడం మానేయగానే పక్కకు ఆపించి, పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది.

“ట్యాంకుకు ఊపిరాడుతలేదు సార్. పెట్రోల్ కిందికెట్ల దిగుతది?” అంటూ మూతకున్న సన్నని రంధ్రం చూపించాడు. ఆయుధపూజ నాడు మా ఆవిడ భక్తిగా అద్దిన పసుపు, కుంకుమ అందులో గట్టిపడి ఉన్నాయి. పిన్నీసుతో పొడిచి తీసి, “బొట్టు హెడ్‌లైట్‌కు పెట్టుమను అమ్మను” అన్నాడు.

మరుసటి దసరాకు ఆవిడ బొట్టు హెడ్‌లైట్‌కే పెట్టింది. నేను కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటే, ఆ రోజు అద్దంలో చూసిన, కళ్లు మూసుకున్న ఎల్లయ్యే కనిపించాడు.