మాస్టారి క్రిస్మస్ ప్లేటు

1996 డిసెంబరు 8, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, నర్సీపట్నంలో మా చర్చి మెట్ల మీద ఈ వెతుకులాట మొదలయింది.

పాత క్రిస్మస్ గ్రామఫోన్ ప్లేట్లు పోగు చేయడం నాకు అంతకు ముందు నుంచే అలవాటు. క్యాసెట్లు వచ్చాక మైకు సెట్ల వాళ్ళు వాటిని అటకల మీద పడేశారు. చర్చి పాటల పుస్తకంలో ఉన్నవీ, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నవీ నాకు అక్కర్లేదు. ఎవరో సొంతంగా రాసి, ఒక్కసారి ప్లేటు తీయించి, తరవాత అందరూ మరిచిపోయినవే కావాలి. అప్పటికి ముప్పయ్యొకటి దొరికాయి.

ఆ సంగతి విని, మిషన్ బడిలో పనిచేసి రిటైరయిన మాస్టారు నన్ను ఆపారు. డెబ్బై దాటిన మనిషి.

"అమ్మా, ఇరవై రెండేళ్ళప్పుడు నేనో క్రిస్మస్ పాట రాసినాను. మద్రాసులో ప్లేటు తీసినారు. పల్లవి రెండు పాదాలూ, మొదటి చరణం నాలుగూ గుర్తున్నాయి. మిగతా మూడు చరణాలూ పోనాయి. దొరికితే ఒక్కసారి ఇనిపించు."

వెనకాల సంఘపెద్ద నవ్వాడు. "మాస్టారి పాట పోస్టులో ఉన్నాదండీ. యాభయ్యేళ్ళై వస్తన్నాది."

ఏటా ఇదే ఎగతాళట. మాస్టారి దగ్గరున్న ప్లేటు గాలివానకి ఇల్లు కూలినప్పుడు పగిలిపోయింది. ఆ పాట ఆయన రాసిందని చెప్పడానికి ఇంకేమీ లేదు. పుస్తకంలో లేదు కాబట్టి దానికి నంబరు లేదు. నంబరు లేని పాట మా చర్చిలో పాడరు.

యలమంచిలి దాకా పాత మైకు సెట్ల వాళ్ళందరినీ అడిగాను. వేరే ప్లేట్లు దొరికాయి, అది దొరకలేదు. 2002 ఏప్రిల్ 20, శనివారం, కోటవురట్లలో ఒక ముసలాయన ట్రంకుపెట్టెలో దొరికింది. రెండు వైపులా తెల్లగా బూజు. లేబుల్ మీద మాస్టారి పేరు స్పష్టంగా ఉంది. మూడుసార్లు చదివాను.

వినడానికి ముసలాయన దగ్గర గ్రామఫోన్ మిషను లేదు. నా మిషను మా ఇంట్లో ఉంది. ముందుగా వినేది మాస్టారే కావాలని, బస్సు దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఆయన మంచం పట్టి నాలుగు నెలలు. మాత్ర వేసుకుని నిద్రపోతున్నారు. ప్లేటు కోడలి చేతికిచ్చి, పొద్దున్న మిషను తెస్తానన్నాను.

మర్నాడు ఆరాధన అయ్యాక ఆటోలో మిషను పట్టుకెళ్ళాను. కోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పిన్నిగారూ, బేగి రండి. అదేటో వంకర తిరిగిపోనాది."

బూజు చూసి మాస్టారి చేతికి అలా ఇవ్వడం బాగుండదనుకుంది. సబ్బు పెట్టి కడిగి, రేకుల మీద వడియాల గుడ్డ పక్కన ఎండబెట్టింది. మా ఇళ్ళల్లో చెమ్మ పట్టినది ఏదైనా ఎండకే పెడతాం. నేనూ అంతే చేస్తాను, ప్లేట్లను తప్ప. అంచులు పైకి లేచి ప్లేటు మూకుడులా అయింది. లేబుల్ నానిపోయి సబ్బు నురగతో పాటే కాలవలోకి పోయింది.

"సుబ్బరంగా ఉంటే బాగుంటాదనుకున్నానండి," అని ఏడ్చింది.

మంచం పక్కన మిషను పెట్టి ప్లేటు వేశాను. మొదటి వైపు ముల్లు నిలవనే లేదు. రెండో వైపు కూడా గంతులు వేసి, మధ్యకి వచ్చాక, అక్కడ ప్లేటు కొంచెం చదునుగా ఉండడంతో, ఆఖరి పాదం ఒక్కటి పలికింది. "వచ్చినవాడివి మా పాక కప్పి పోవయ్యా."

మాస్టారు పైకప్పు వైపు చూశారు.

"ఇది నేను రాసిందేనా అమ్మా?"

"మీ పేరు నిన్న నా కళ్ళతో సదివానండి."

"ఏదీ, సూపించు."

ప్లేటు మధ్యలో నల్లటి గుండ్రం తప్ప ఏమీ లేదు. ఆయన వేలితో దాన్ని తడిమి చెయ్యి తీసేసుకున్నారు.

జూన్ 3, సోమవారం పోయారు. సమాధి దగ్గర, ఆయన పాటలో దొరికినంత వరకైనా పాడదామన్నాను. రాగం నాకు వచ్చు, ఆయనే నేర్పారు.

"నంబరెంతండీ?" అన్నారు పాస్టరుగారు.

"ఎండల్లో క్రిస్మస్ పాటేటండీ," అన్నాడు సంఘపెద్ద. ఈసారి నవ్వలేదు. పుస్తకంలోని పాట ఒకటి పాడి మట్టి వేశారు.

పోయినవి: ప్లేటు ఒకటి. లేబుల్, దాని మీద పేరు. పాటలో పద్దెనిమిది పాదాలకు పదకొండు. మాస్టారు.