నిలబడి మాట్లాడే భాష

మా గుంటూరులో ఇంగ్లీషు నిలబడి మాట్లాడే భాష. తెలుగు ఎలాగైనా మాట్లాడొచ్చు, మంచం మీద పడుకుని కూడా. ఇంగ్లీషుకి మాత్రం లేవాలి, చేతులు కట్టుకోవాలి, ప్రశ్నలో ఉన్న మాటలన్నీ జవాబులోకి తెచ్చుకుని పూర్తి వాక్యం చెప్పాలి. మా పక్కింటి మాస్టారు మిషన్ స్కూల్లో పనిచేసినన్నాళ్లూ అలాగే చెప్పించారు. పేరు అడిగితే పేరొక్కటే చెప్పినవాడు బెంచీ ఎక్కాల్సిందే.

నేను తెలుగు పేపర్లో ఇంగ్లీషు వార్తలు తెలుగు చేస్తూ బతికినవాణ్ణి. నా ఇంగ్లీషు కళ్లలో ఉంటుంది, నోట్లోకి రాదు. అయినా మా వీధిలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లంటే మాస్టారి తర్వాత నన్నే చెబుతారు.

మాస్టారి అమ్మాయికి మిరపకాయలు ఎగుమతి చేసే కంపెనీలో పని దొరికింది. విదేశాల్లో సరుకు కొనేవాళ్లతో మాట్లాడాలి. కొన్నాళ్లు చూసి ఖాయం చేస్తామన్నారు. ఇది పోతే హైదరాబాదు హాస్టలే గతి. ఆ అమ్మాయికి ఊరు వదలడం ఇష్టం లేదు.

మొదటి వీడియో కాల్లో, పక్కన ఓనరు ఉండగానే, తెరమీద పెద్దమనిషి "హే, హౌజ్ ఇట్ గోయింగ్?" అన్నాడు. అమ్మాయి లేచి నిలబడింది. "ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ సర్" అంది. అవతల ఆయనకి కనిపించింది చున్నీ ఒక్కటే. "సెంట్ ద శాంపిల్స్?" అనడిగాడు. "ఎస్ సర్, వీ హావ్ సెంట్ ద శాంపిల్స్" అని చున్నీ జవాబు చెప్పింది.

ఆయన కంగారుపడి, "షీ లీవింగ్?" అనడిగాడట.

"నో నో సర్. షీ గుడ్. ఓన్లీ రెస్పెక్ట్" అన్నాడు ఓనరు. క్రియాపదంతో పనిలేకుండానే ఆయన ఇన్నేళ్లుగా సరుకు ఓడలెక్కిస్తున్నాడు.

కాల్ అయ్యాక, "అమ్మా, ఆయనకి నీ మొహం కనపడాలి. ఇంకొక్కసారి చూస్తా" అన్నాడు.

సాయంత్రం మాస్టారు నన్ను పిలిపించారు. నేను కొనుగోలుదారు వేషం కట్టాలి. కుర్చీలో వెనక్కి వాలి, చేతనైనంత నిర్లక్ష్యంగా, "హౌజ్ ఇట్ గోయింగ్?" అన్నాను. అమ్మాయి లేచింది.

"కూర్చోవే" అన్నారు మాస్టారు.

"కూర్చుంటే మాట రావట్లేదు నాన్నా."

"ఎందుకు రాదు?"

"క్లాసులో నన్ను బెంచీ ఎక్కించినప్పుడు అడగాల్సింది ఆ మాట!"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను గోడమీద క్యాలెండర్ చూశాను.

వంటింట్లోంచి వాళ్లావిడ ఎండుమిరపకాయల చేట తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది. "తొడిమలు తీస్తా చెప్పు. ఎట్లా లేస్తావో నేనూ చూస్తా" అంది.

నేను మళ్లీ అడిగాను. అమ్మాయి లేవబోయింది, కాయలు జారబోయాయి, చేట పట్టుకుంది. "గుడ్. యూ?" అనేసింది. ఆ వెంటనే తండ్రి వైపు భయంగా చూసింది. ఆయన మొహంలో మార్కులు కోసేయాలన్న కోరిక స్పష్టంగా కనిపించింది. కోయలేదు.

రెండో కాల్‌కి అమ్మాయి శాంపిల్ కాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధ్యలో ఘాటుకి తుమ్మొచ్చింది. "సారీ. చిల్లీ" అంది. అవతలాయన పగలబడి నవ్వి, ఆ తర్వాత తన కుక్కపిల్లని కూడా చూపించాడట.

మర్నాడు నేను మాస్టారింట్లో కాఫీ తాగుతుండగా ఓనరు ఫోన్ చేశాడు. మాస్టారు, లుంగీలో మంచం మీద కూర్చుని, స్పీకర్ నొక్కారు.

"మాస్టారూ, డాటర్ కన్ఫర్మ్. హ్యాపీ?"

మాస్టారు లేచి నిలబడ్డారు. లుంగీ సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఎస్ సర్. ఐ యామ్ వెరీ హ్యాపీ దట్ మై డాటర్ హాజ్ బీన్ కన్ఫర్మ్‌డ్."

"హలో? మాస్టారే కదండీ మాట్లాడేది?" అన్నాడు ఓనరు.

"చేట తెమ్మంటారా?" అంది వాళ్లావిడ వంటింట్లోంచి.