జాబితాలో లేని తలుపు

మా పిన్ని ప్రభుత్వ ఆడిటర్. ఆడిట్ అంటే డబ్బు లెక్కలే అనుకుంటారు చాలామంది. ఆస్పత్రుల్లో మంచాలు సరిపోతున్నాయా, బడుల్లో నీళ్ళొస్తున్నాయా, మంటలు లేస్తే జనం బయటపడే దారి ఉందా అని చూడటం కూడా ఆవిడ పనే. తను తనిఖీ చేసే శాఖల్లో ఏ మంత్రికీ, ఏ అధికారికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేని ఉద్యోగం. తనిఖీకి వెళ్ళినచోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. బంధువుల పెళ్ళి భోజనాల్లో అలాంటి శాఖ ఇంజనీరెవరో పక్కన కూర్చుంటే, లేచి వేరే వరసలోకి వెళ్ళిపోయిన మనిషి. ఏం చెప్పమంటారు!

ఆ పనికో పద్ధతి ఉంది. పెద్ద భవనంలో అన్నీ చూడటం కుదరదు గనుక నలభై తలుపులుంటే నాలుగు చూస్తారు. ఏ నాలుగో ముందురోజే చీటీలు తీసి జాబితా రాసుకుంటారు. అది దాటి ఇంకొకటి ముట్టుకుంటే, కావాలని తప్పులు వెతికారని ఆస్పత్రివాళ్ళు అంటారు. పిన్నికి ఆ జాబితా అంటే ప్రాణం.

ఆ రోజు ఆస్పత్రిలో నాలుగు తలుపులూ తెరిచి చూసింది. నాలుగూ శుభ్రంగా తెరుచుకున్నాయి. మూడో వార్డు గుండా తిరిగి వస్తుంటే వెనక తలుపుకు తాళం కనబడింది. ఆగింది. చేతిలో కాగితం చూసుకుంది. ఆ తలుపు అందులో లేదు. వచ్చేసింది.

పంతొమ్మిది రోజుల తర్వాత ఆ వార్డులో మంటలు లేచాయి. పొగలో ఊపిరాడక ఇద్దరు రోగులు ఆ తలుపు దగ్గరే చనిపోయారు.

తాళం చూసిన సంగతి పిన్ని ఆఫీసులో చెప్పలేదు. పై అధికారి ఓదార్చాడు కూడా.

"ఆ తలుపు మీ జాబితాలోనే లేదు కదమ్మా. మిమ్మల్నెవరూ వేలెత్తి చూపలేరు."

నిజమే. అదే ఆవిణ్ణి లోలోపల తినేసింది.

నేనప్పుడు వాళ్ళింట్లోనే ఉంటున్నాను. ఇంట్లో గడియలన్నీ ఊడదీయించింది. స్నానాలగది దగ్గర వడ్రంగి తటపటాయిస్తే, "అదీ తీసెయ్యి," అంది.

"దొంగలకి ఇంత మర్యాద చేసే ఇల్లు ఊళ్ళో ఇంకోటి లేదు," అన్నాడు బాబాయి. ఎవరమూ నవ్వలేదు.

పట్టపగలు కూర తరుగుతూ తరుగుతూ కత్తి ఆపేసేది. "ఎవరో తలుపు తోస్తున్నారే, చూడు," అనేది నాతో. వెళ్ళి చూస్తే బార్లా తెరిచిన తలుపు, ఖాళీ వీధి. మొదట్లో విసుక్కున్నాను. కొన్నాళ్ళకు నాకూ వినబడసాగింది. తట్టడం కాదు, చెక్క మీద అరచేతులు ఆనించి తోస్తున్న చప్పుడు. నాకు భయమేసింది. ఇప్పటికీ వేస్తుంది.

విచారణ కమిటీ పిన్నిని పిలిచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానంది. అంతకు ముందు, చనిపోయినవాళ్ళలో ఒకాయన ఇంటికి వెళ్ళాలని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. బాబాయి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఉద్యోగం పోతుంది. నువ్వు చెప్పినంత మాత్రాన పోయినవాళ్ళు తిరిగొస్తారా? కొరివితో తల గోక్కోవడం దేనికి?"

"పోతే పోనీండి," అంది పిన్ని.

ఆ చనిపోయినాయన భార్య బట్టలు కుడుతుంది. మేం వెళ్ళేసరికి ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. కూర్చోమంటే పిన్ని కూర్చోలేదు.

"ఆ తాళం నేను చూశానమ్మా. రాసుంటే తీసేవాళ్ళు. రాయలేదు."

ఆవిడ తిడుతుందని, చెయ్యి చేసుకున్నా చేసుకుంటుందని నేను సిద్ధపడ్డాను. అలా జరిగినా బాగుండేది.

ఆవిడ దారం తెంపి, పిన్ని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆ రోజొచ్చింది మీరేనా? ఆయన మంచం ఆ తలుపు పక్కనేనండి. తాళం రోజూ చూసేదాన్ని. ఇదేంటని నర్సమ్మని అడుగుదామని ఆ రోజు లేచాను కూడా. అప్పుడే మీరొచ్చి దాని ముందు ఆగారు. కాగితం చూసుకుని వెళ్ళిపోయారు. అంత పెద్దావిడ చూసి ఏమీ అనలేదంటే ఫరవాలేదేమోలే అని మళ్ళీ కూర్చున్నాను."



మర్నాడు కమిటీకి తాళం సంగతితో పాటు ఆవిడన్న మాట కూడా రాసిచ్చింది. మొదటిది వాళ్ళు నమోదు చేసుకున్నారు. రెండోది విచారణకు సంబంధం లేదని కొట్టేశారు. మొదటిదాని వల్ల ఉద్యోగం పోయింది. పిన్ని మాత్రం రెండోది తలుచుకునే ఏడుస్తుంది.