గుండ్రటి గీతల డిస్కు

ఆ వీధిలో అందరూ ఆమెను పోలీసక్క అనేవారు. ఉద్యోగం పోలీసుది కాదు. పాడైపోయిన సీడీల్లోంచి ఫొటోలూ మాటలూ బయటికి తీసే చిన్న దుకాణం ఆమెది. ఎవరేం తెచ్చినా, "ఇది మీ చేతికెలా వచ్చింది?" అని ఆరా తీయనిదే ముట్టుకునేది కాదు. "ఇంట్లో నేను తుమ్మినా కారణం చెప్పుకోవాలి" అని భర్త నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం, నలభై దాటిన మనిషి ఒకాయన వచ్చాడు. జేబురుమాలులో చుట్టిన డిస్కును బల్ల మీద పెట్టి, గుమ్మం వైపు ఓసారి చూశాడు.

"ఏముంది ఇందులో?"

"ఏవో పాత టేపుల్లోంచి ఎక్కించిన రికార్డింగులండీ. ఇంట్లోవే."

"గీతలెలా పడ్డాయి?"

"చెయ్యిజారి కింద పడిందండీ."

ఆమె డిస్కును దీపం కింద వాల్చి చూసింది. జారిపడితే గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇవి గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి తిరిగాయి. డిస్కులో రాత కూడా అలా గుండ్రంగానే తిరుగుతుంది. రాతకు అడ్డంగా గీత పడితే ఎక్కడికక్కడ చిన్న ముక్కే పోతుంది. అలాంటి లోటు పూడ్చేందుకే డిస్కులో కొన్ని అదనపు గుర్తులు ముందే రాసి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని పట్టుకుని పోయిన ముక్కను తిరిగి కడుతుంది. రాత వెంబడే గీస్తే మాత్రం ఆ గుర్తులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

ఇది ఎవరో పనిగట్టుకుని చేసిందే.

"మీ నంబరు ఇచ్చి వెళ్లండి, ఫోన్ చేస్తాను."

"వద్దండీ, నేనే వస్తాను. ఇంటికి మాత్రం ఫోన్ చేయకండి."

ఆ మాటతో ఆమె అనుమానం ఇంకా బలపడింది. ఎవరి గుట్టో ఎత్తుకొచ్చి బెదిరించబోతున్నాడేమో! పంపేద్దామనుకుంది గానీ, లోపల ఏముందో చూడకుండా ఉండబుద్ధి కాలేదు.

పైపై గీతల్ని పాలిష్ చేసి, డిస్కును ఒక డ్రైవ్ తర్వాత ఇంకో డ్రైవ్‌లో పెట్టింది. ఒకటి చదవలేనిది ఇంకొకటి చదివింది. సాఫ్ట్‌వేర్ ముందు బాగున్నవి ఏరుకుని, మొరాయించిన చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లింది. చివరికి కొన్ని ఖాళీలతో ఒక ఆడగొంతు పలికింది.

"ప్రయాణికులకు మనవి..."

పోలీసక్క ఉలిక్కిపడింది. కాలేజీకి వెళ్లే రోజుల్లో బస్టాండులో రోజూ విన్న గొంతు! ఇప్పుడక్కడ యంత్రం మాట్లాడుతోంది. అంతలో అదే గొంతు నవ్వింది. "ఒరేయ్, మైకు వైరు లాగకురా, తంతాను!"

అతను మళ్లీ వచ్చినప్పుడు ఆమె డిస్కు మీద చెయ్యి పెట్టి అడిగింది.

"ఈ గొంతు ఎవరిది?"

"మా అమ్మదండీ."

"గీసిందెవరు?"

అతను తల దించుకున్నాడు. "అమ్మే. గొంతుకు ఆపరేషనయ్యాక మాట పోయింది, గుసగుస మాత్రమే మిగిలింది. ఒకరోజు గిన్నెలు తోముతూ తోముతూ, అదే పీచుతో దీన్నీ రుద్దేసింది. చెత్తబుట్టలోంచి తీసుకొచ్చాను. ఆవిడకి తెలీదు."

తల్లి పేరు చెప్పి ఎవరైనా ఎన్ని కథలైనా అల్లొచ్చు. పోలీసక్క కరగలేదు.

"గొంతు ఆవిడది. ఆవిడ వస్తేనే ఇస్తాను."

మర్నాడు ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి, మెడ చుట్టూ పలచటి గుడ్డ. కొడుకును కొరకొరా చూసి, "దొంగవెధవ" అంది గాలిలాంటి గొంతుతో. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆ పెదవులు లోపలి మాటలతో పాటే కదిలాయి.

"వద్దంటే మీ ముందే చెరిపేస్తానమ్మా" అంది పోలీసక్క.

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"వాడికొక కాపీ ఇవ్వు. నేను ఇంట్లో ఉండగా పెట్టకూడదు." పోలీసక్క ఒక కొత్త డిస్కులోకి ఎక్కించి అతనికిచ్చాక, ఆవిడ ముందుకు వంగింది. "నీ దగ్గర ఇంకోటి దాచుకోలేదు కదా?"

పోలీసక్క తెర వైపు చూసింది. దాచుకుంది. ఆ గొంతును వదులుకోలేక దాచుకుంది.

"ఉందమ్మా" అని చెప్పి, ఆవిడ చూస్తుండగానే చెరిపేసింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వచ్చి, చెత్తబుట్ట బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇందులో కూడా."

అదీ ఖాళీ చేశాక, ఆవిడ కొడుకు చేతిలోని కొత్త డిస్కు లాక్కుని తన సంచిలో వేసుకుని, ముందు నడిచింది.