నన్ను మరచిపొమ్మని బ్యాంకుకు పదకొండు ఉత్తరాలు

1978 జూన్ 12, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నా కొంపకు నేనే నిప్పు పెట్టుకున్నాను. అది అంటుకోవడానికి పదేళ్లు పట్టింది. అన్నేళ్లూ క్రమం తప్పకుండా ఊదుతూ కూర్చున్న ఇల్లాలు రాయపూర్ రైల్వే కాలనీలో నేను తప్ప మరొకరు లేరు. ఉన్నారంటారా, తేదీలతో సహా చూపించండి.

స్టేషను దగ్గరుండే మా బ్యాంకు ఆ నెలలో పండరీ బట్టల బజారుకు మారింది. అన్ని బట్టల కొట్ల మధ్య నుంచి చీర కొనకుండా తిరిగి రావడం నా వల్ల కాదని తెలిసి ఖాతా మూసేశాను. మూసేసి, 1971లో ఖాతా తెరిచేందుకు నేను నింపిచ్చిన దరఖాస్తు తిరిగిమ్మన్నాను.

గుమాస్తా సాహూజీ నవ్వాడు. "బహన్‌జీ, ఖాతా బంద్ అయింది గానీ కాగితం బంద్ కాదు. పదేళ్లు రికార్డు గదిలో ఉంటుంది."

"నేనిక మీ ఖాతాదారును కాదుగా! నా వివరాలతో మీకేం పని?"

"ఏం పనీ లేదు. అయినా ఉంచుతాం."

"ఎవరైనా చూస్తే?"

"ఎలుకలు చూస్తాయి. వాటికి చదువు రాదు."

నా భయం మీకు చెప్పాలి. 1964లో పెళ్లిచూపులప్పుడు మా అమ్మ నేను 1945లో పుట్టానని చెప్పింది. నిజానికి పుట్టింది 1942 నవంబరు 3న. మా ఆయన పుట్టింది 1943 ఏప్రిల్‌లో. అంటే ఆయనకంటే అయిదు నెలలు పెద్దదాన్ని. పెళ్లాం పెద్దదైతే మొగుడి ఆయుష్షు తరిగిపోతుందని మా అత్తగారి గట్టి నమ్మకం. ఆయన తుమ్మితే చాలు, ఆవిడ దేవుడి గదిలోకి పరుగెత్తేది. ఈ సంగతి తెలిస్తే ఆ తుమ్ములన్నీ నా లెక్కలో పడేవి.

మరి దరఖాస్తులో నిజం ఎందుకు రాశావంటారా? రైల్వే బడిలో లెక్కల పంతులమ్మను. అబద్ధం నోటితో ఆడగలను గానీ, తప్పుడు అంకె వేయమంటే నా చెయ్యి మొండి గాడిదలా నిలబడిపోతుంది.

గడువు తీరగానే ఆ కాగితాలు నాశనం చేయమని అక్కడికక్కడే అర్జీ రాసిచ్చాను. అంతటితో ఊరుకున్నానా? ఏటా జూన్ 12న, ఆదివారమైతే మర్నాడు, వెళ్లి గుర్తుచేస్తూ ఒక ఉత్తరం ఇచ్చేదాన్ని. నా పేరు గలవాళ్లు మా కాలనీలోనే ఆరుగురు. పొరపాటున ఇంకొకరివి చింపేస్తారేమోనని ప్రతి ఉత్తరంలోనూ పుట్టిన తేదీ ఎర్ర సిరాతో రాసి, కింద గీత కూడా గీసేదాన్ని. నా తెలివి చూశారా!

ఆ జూన్‌లు ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి. తొలి వాన పడ్డ రోడ్డు మీద రిక్షా, అల్లం చాయ్ గ్లాసు, సాహూజీ తన కూతురి లెక్కల పుస్తకం బయటికి తీసి, "ఈ భిన్నాలు ఒక్కసారి చూడండి బహన్‌జీ" అనడం. దిద్దిపెట్టి, ఉత్తరం ఇచ్చి, గొడుగు మరచిపోయి వచ్చేదాన్ని.

1988 జూన్ 12 ఆదివారం. పదమూడున తలుపులు తీయకముందే వెళ్లి నిలబడ్డాను.

"పదేళ్లూ అయ్యాయి. చింపండి."

సాహూజీ ఎర్రగుడ్డ మూట విప్పాడు. ఒక్క కాగితంతో మొదలైన ఫైలు పురిటికి వచ్చిన పిల్లలా ఉబ్బి ఉంది.

"మీతోపాటు మూసినవాళ్ల ఫైళ్లన్నీ పోయిన వారమే పోయాయి బహన్‌జీ. మీది పోదు. ఆఖరి కాగితం వచ్చిన రోజు నుంచి పదేళ్లు లెక్క. మీరు కిందటేడు రాశారుగా?"

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడగలేదు." ఎర్రగుడ్డ మళ్లీ ముడివేస్తూ, "చెబితే మళ్లీ వచ్చేవారా? మా అమ్మాయి లెక్కల్లో ఫస్ట్ వచ్చింది."

ఒళ్లు మండింది. ఏం చేశానో ఊహించండి. అక్కడే కూర్చుని మేనేజరుకు ఫిర్యాదు రాశాను. ఎర్ర సిరాతో, తేదీ సహితంగా.

జూన్ 25, శనివారం మధ్యాహ్నం. వంటింట్లో పులుసు మరుగుతోంది. బ్యాంకు నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. హిందీలో ఉన్నదాన్ని మా ఆయన వాళ్లమ్మకు తెలుగులో చదివి వినిపిస్తున్నారు.

"విషయం: 1942 నవంబరు 3న జన్మించిన శ్రీమతి..."

అత్తగారు వేళ్లు మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.

"ఏటే, నువ్వు మావోడికన్నా పెద్దదానివా?"

"అయిదు నెలలే అత్తయ్యా."

ఆవిడ కొడుకును తల నుంచి కాలిదాకా, సంతలో ఎద్దును చూసినట్టు చూసింది.

"ఇరవై నాలుగేళ్లయినాది. ఈడు గుండ్రాయిలా ఉన్నాడు. చిక్కిపోయింది నువ్వే. పెళ్లికి ముందు తెలిస్తే ఆపేద్దును. ఇప్పుడేటి ఆపీది? ఎల్లి పొయ్యి ఆపు, పులుసు మాడిపోతంది."

మా ఆయన లేచి చేతులు కట్టుకున్నారు. "ఇకనుంచి నిన్ను 'మీరు' అనాలి కాబోలు. మీరు వడ్డిస్తారా, నన్ను వడ్డించుకోమంటారా జీ?"

ఆ రోజు మాడిన పులుసు ముగ్గురం నవ్వుకుంటూ తిన్నాం. నేను మాత్రం చెయ్యి కడుక్కుని, పంచాంగం మీద అరచెయ్యి ఆనించి ఒట్టు వేసుకున్నాను: నన్ను మరచిపొమ్మని ఈ జన్మలో ఎవరికీ గుర్తుచేయను.

పోయినవి: ఉత్తరాలు పదకొండు. గొడుగులు రెండు. పులుసు గిన్నె ఒకటి. నా వయసులో దాచుకున్న మూడేళ్లు. 1993లో అత్తగారు. 1996లో సాహూజీ. ఆయన పోయాక కూడా నా ఫైలు ఇంకో రెండేళ్లు ఉంది.