చైనా సూప్ కోసం విశాఖంతా

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. నేను పనిచేసే నాచారం ఫ్యాక్టరీ తరఫున నెలరోజులు విశాఖలో ఉన్నాం. నా భార్య సుజాతకు మూడో నెల. రెండు రోజులుగా మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు.

"మన ఇంటికాడ ఉప్పల్‌ల తాగినం జూడు, గసొంటి చైనా సూప్ అయితే తాగుతనేమో" అంది నీరసంగా.

మూడు హోటళ్లు తిరిగాను. అన్నింట్లో కారం, నూనె. నాలుగోదాంట్లో గల్లా దగ్గర చైనావాళ్లలా ఉన్న పెద్దావిడ కూర్చుంది. నేను వాంతి చేసుకుంటున్నట్టు అభినయిస్తూ, "వైఫ్... సూప్... నో స్పైసీ" అన్నాను. తింటున్నవాళ్లంతా చేతులాపి నన్నే చూశారు.

"తెలుగులో చెప్పు నాయనా. నేనిక్కడే పుట్టాను" అందావిడ.

సిగ్గుతో తల దించుకుని, "మా ఆమెకు ఏం తిన్నా ఉంటలేదమ్మా" అన్నాను. ఆవిడ లోపలికెళ్లి, తనకోసం కాచుకున్న అల్లం గంజి డబ్బాలో పోసి ఇచ్చింది. "ఇది అమ్మేది కాదు. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ ఇదే పెట్టేది."

సుజాత డబ్బా ఖాళీ చేసి, హాయిగా నిద్రపోయింది. ముఖం చూసి మనిషిని పరాయి అనుకోవడం నేను ఆ రోజుతో మానేశాను.